బడిలో సినిమా: పిల్లలు ఎవరి పక్కన నిలబడ్డారో కనిపెట్టడం ఎలా?

విశాఖపట్నం పెదజాలరిపేటకి దగ్గర్లో, కిటికీ తెరిస్తే సముద్రం కనిపించే ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. నెలకో శనివారం మధ్యాహ్నం పిల్లలకి సినిమా వేస్తాను. ఇది మొదలుపెట్టి ఆరేళ్ళయింది. అందులో మొదటి రెండేళ్ళు తప్పుగా చేశాను. ఆ తప్పేంటో ముందే చెబుతాను. నేనిప్పుడు పాటించే పద్ధతంతా దాన్ని దిద్దుకోవడంలోంచే వచ్చింది.

పదో తరగతి అయ్యాక ఇంకా చదువుకుంటానని పట్టుబట్టే అమ్మాయి, పెళ్ళి చేసేస్తానంటున్న తండ్రి. ఆ రోజు వేసిన సినిమా కథ అది. పేరు ఇక్కడ అవసరం లేదు. అయిపోగానే లేచి, "ఈ సినిమా మనకి ఏం నేర్పింది?" అని అడిగాను. "ఆడపిల్లల్ని చదివించాలి టీచర్!" అని క్లాసంతా ఒకే గొంతుతో చెప్పింది. సంతోషంగా ఇంటికెళ్ళాను.

సోమవారం తెలుగు పీరియడ్‌లో లేఖారచన ఉంది. సినిమాలో నచ్చిన పాత్ర ఎవరైతే వాళ్ళే రాసినట్టుగా ఒక ఉత్తరం రాయమని తెలుగు టీచరు గారు చెప్పారట. సాయంత్రం ఆ కాగితాలు నాకిచ్చారు. మొత్తం ముప్పై ఎనిమిది. వాటిలో పదకొండు తండ్రి రాసినవి. పశ్చాత్తాపపడిన తండ్రి కూడా కాదు, తన మాట మీదే నిలబడ్డ తండ్రి. మూడో బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి ఇలా రాశాడు: "అమ్మా, నీ మీద కోపంతో కాదు. నేను వేటకెళ్తే నాలుగు రోజులు ఇంటికి రాను. నువ్వు అంత దూరం కాలేజీకి వెళ్ళొచ్చేటప్పుడు ఏమైనా అయితే, నేను సముద్రం మీద ఉండి ఏం చెయ్యగలను?"

సినిమాలో తండ్రి రైతు. సముద్రం ఊసే లేదు. ఆ అబ్బాయి తెర మీది మనిషిలోకి వాళ్ళ నాన్నని తెచ్చి కూర్చోబెట్టుకున్నాడు. వాడికో అక్క ఉందని నాకు తర్వాత తెలిసింది.

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. శనివారం వాళ్ళు కోరస్‌గా చెప్పింది నాకు కావలసిన జవాబు. వాళ్ళకి నిజంగా జరిగిందేమిటో ఈ ఉత్తరాల్లో ఉంది.

ఆ అబ్బాయి అలా పాత్రలో కలిసిపోవడాన్నే తాదాత్మ్యం అంటారు. అదేమిటో ఒక్క మాట. మన అలంకార శాస్త్రం చదివినవాళ్ళకి ఇది పాత మాటే. జొనాథన్ కోహెన్ అనే పరిశోధకుడు 2001లో దీన్ని సినిమా, టీవీ ప్రేక్షకులకి అన్వయించి స్పష్టంగా విడదీశారు. పాత్రని ఇష్టపడటం వేరు. పాత్రలాగా ఉండాలని కోరుకోవడం వేరు. తాదాత్మ్యంలో చూసేవాడు కాసేపు తనని తాను మర్చిపోతాడు. పాత్ర దేనికోసం తాపత్రయపడుతుంటే తనూ దానికోసమే తాపత్రయపడతాడు, పాత్రకి బాధ కలిగితే తన గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అలాంటప్పుడు ఆ పాత్ర నమ్మేదాన్ని ఎదిరించి వాదించాలన్న ఆలోచనే రాదు. మంచి ఆ దారినే లోపలికొస్తుంది, చెడు కూడా ఆ దారినే వస్తుంది. అందుకే సినిమా ఏం చెబుతోంది అని చూసి ఊరుకోకండి. మీ పిల్లలు అందులో ఎవరు అవుతారో చూడండి.

సినిమా ఎంచుకునేటప్పుడు

క్లాసులో వేసే ముందు మీరు ఒక్కరే కూర్చుని రెండుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండ్ ఆపేసి, ఒక నోటు పుస్తకం పెట్టుకుని కూర్చోండి. ముఖ్యమైన పాత్రల పేర్లు వరసగా రాసి, కెమెరా దగ్గరికెళ్ళి ఎవరి ముఖం చూపిస్తే వాళ్ళ పేరు ఎదురుగా ఒక గీత పెట్టండి. పాలవాళ్ళు లెక్క రాసుకున్నట్టు నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. మొత్తం సినిమాకి చెయ్యక్కర్లేదు. గొడవ పడే సీన్లు ఓ మూడు తీసుకుంటే చాలు. తర్వాత సౌండ్ పెట్టి అవే సీన్లు చూడండి. మ్యూజిక్ ఎవరి కోసం లేస్తోంది? చివరి మాట ఎవరిది? ఎవరు ఏడుస్తుంటే కెమెరా ఎదురుగా ఉంది, ఎవరు ఏడుస్తుంటే వెనకనుంచి చూపించారు?

నేను ఆ రోజు వేసిన సినిమాకి ఈ లెక్క ఆలస్యంగా చేశాను. తండ్రికి ఇరవై మూడు గీతలు వచ్చాయి, కూతురికి తొమ్మిది. పంచ్ డైలాగులన్నీ తండ్రివి. ఎలివేషన్ ఆయనకే. అమ్మాయి ఎక్కువసేపు తల దించుకుని ఏడుస్తూనే ఉంది. కథ రాసినవాళ్ళు అమ్మాయి పక్షాన ఉన్నారు, కెమెరా మాత్రం తండ్రి దగ్గరే ఉండిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్లలు కెమెరా వెంటే వెళ్తారు. అది వాళ్ళ తప్పు కాదు.

మన దేశంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1984, 85ల్లో దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' అని 156 భాగాల సీరియల్ వచ్చింది. కుటుంబ నియంత్రణ, ఆడవాళ్ళ స్థితి లాంటి విషయాలు జనంలోకి వెళ్ళాలని దాన్ని తీశారు. మెక్సికోలో మిగెల్ సబిడో అనే టీవీ నిర్మాత చేసిన పద్ధతే దానికి ఆధారం. మంచి పాత్ర, చెడ్డ పాత్ర, మధ్యలో ఊగిసలాడుతూ మారే పాత్ర, ఇలా మూడు రకాలు పెట్టాలని ఆయన లెక్క. హమ్ లోగ్‌లో భాగవంతి అనే తల్లి ఉంటుంది. అన్నీ భరిస్తుంది, నోరెత్తదు. ఇలా ఉండకూడదు అని చెప్పడానికే ఆ పాత్రని పెట్టారు. అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు తర్వాత ప్రేక్షకుల్ని అడిగి చూస్తే, చాలామంది ఆవిడనే ఆదర్శంగా తీసుకున్నట్టు తేలింది. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ అంతటి నటుడు వచ్చి వివరించినా కూడా! మనలాంటి టీచర్లు చివర్లో చెప్పే రెండు మాటల బలం ఎంతో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

చివర్లో విలన్‌కి శిక్ష పడుతుంది కదా అని కూడా ధీమా పడకండి. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1965లో పిల్లలకి ఒక ఫిల్మ్ చూపించారు. అందులో ఒక మనిషి బొమ్మని కొడతాడు. ఆ మనిషికి శిక్ష పడినట్టు చూసిన పిల్లలు తర్వాత వాడిలా చేయడం తగ్గింది. అయితే, అతను చేసినవన్నీ చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే వాళ్ళు కూడా శిక్ష సీను చూడని మిగతా పిల్లల్లాగే చేసి చూపించారు. అంటే శిక్ష వల్ల చెయ్యడం ఆగింది, నేర్చుకోవడం ఆగలేదు. రెండు గంటలు వెలిగిపోయిన మనిషిని చివరి పది నిమిషాల్లో జైల్లో పెడితే పిల్లల మనసులో మిగిలేది ఆ రెండు గంటలే.

మన తెలుగు పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పెద్ద హీరో సినిమా అయితే వాళ్ళు పాత్రని చూడరు, హీరోని చూస్తారు. ఆయన ఏం చేసినా రైటే. ఫ్యాన్స్ గొడవ క్లాసులోకి వచ్చేస్తుంది, ఈల వేసేవాళ్ళు ఒకవైపు, మూతి ముడుచుకునేవాళ్ళు ఒకవైపు. నేను ఆ హీరోలకి వ్యతిరేకం కాదు, జగదాంబ సెంటర్లో టికెట్ కోసం లైన్లో నిలబడినదాన్నే. కానీ క్లాసు కోసమైతే ముఖాలు తెలియని సినిమా తీసుకోండి. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎక్కువమంది మన ఊరి మామూలు మనుషులే నటించారు. అందులో కొన్ని సీన్లు వేసినప్పుడు మా పిల్లలు మొదటి పది నిమిషాలు "ఆ వీధి నాకు తెలుసు టీచర్" అని అల్లరి చేశారు. తర్వాత నిశ్శబ్దం అయిపోయారు. మాట యాస, ఇంటి గోడ, చెప్పులు విడిచే చోటు తమలాగే ఉంటే లోపలికెళ్ళడం తేలికవుతుంది.

అంతమాత్రాన మన ఊరి సినిమానే కావాలని కాదు. ఉగాండా రాజధాని కంపాలాలో ఎమ్మా రైలీ అనే ఆర్థికవేత్త ఒక ప్రయత్నం చేశారు. 2016లో పబ్లిక్ పరీక్షల ముందు కొందరు విద్యార్థులకి 'క్వీన్ ఆఫ్ కాట్వే' చూపించారు, కొందరికి వేరే సినిమా చూపించారు. మొదటిది కంపాలా మురికివాడలో పుట్టి చదరంగంలో పైకొచ్చిన ఫియోనా ముటేసి జీవితం. మన రూర్కెలాలో పుట్టిన మీరా నాయర్ తీశారు. అది చూసిన చిన్న తరగతి విద్యార్థుల్లో, ముఖ్యంగా లెక్కల్లో, ఫెయిలయ్యేవాళ్ళు తగ్గారు. ఆడపిల్లలకీ, చదువులో వెనకబడ్డవాళ్ళకీ ఎక్కువ మేలు జరిగింది. సినిమాలో లెక్కల పాఠమేమీ లేదు. తమలాంటి పిల్ల ఒకటి గెలవడం చూశారు, అంతే. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సెన్సార్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి. ఇప్పుడు యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు రకాలున్నాయి. తొమ్మిదో తరగతికి మూడోది వద్దు. కాపీరైట్ గురించి హెడ్మాస్టరు గారు అడిగితే, 1957 చట్టంలో 52వ సెక్షన్ చూపించండి. విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా, చూసేవాళ్ళు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రుల వరకే అయితే సినిమా వేయడానికి మినహాయింపు ఉంది.

వేసే ముందు చెప్పాల్సింది

కథ చెప్పకండి, నీతి అసలే చెప్పకండి. కానీ చరిత్ర సినిమా అయితే ఒకటి తప్పకుండా చెప్పాలి. అమెరికాలో ఆండ్రూ బట్లర్, ఆయన తోటివాళ్ళు 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులకి ఒక చరిత్ర పాఠం ఇచ్చి, దానికి సంబంధించిన సినిమా ముక్కలు చూపించారు. సినిమా పాఠంతో కలిసిన చోట బాగా గుర్తుంది. సినిమా తప్పు చెప్పిన చోట, సరైనది చదివి కూడా, చాలామంది సినిమాలోదే రాశారు. "సినిమాల్లో తప్పులుంటాయి, జాగ్రత్త" అని మామూలుగా చెబితే ఉపయోగం లేకపోయింది. ఫలానా చోట ఫలానా విషయం తప్పు అని విడిగా చెప్పినప్పుడే పనిచేసింది.

మన దగ్గర అల్లూరి సీతారామరాజు గారి మీద సినిమా వేస్తున్నారనుకోండి. చింతపల్లి పోలీసు స్టేషను మీద 1922 ఆగస్టు 22న, కృష్ణదేవిపేట మీద 23న, రాజవొమ్మంగి మీద 24న దాడి చేశారు. సినిమాలో అంతా ఒకే రాత్రి జరిగినట్టు ఉంటే, ఆ మూడు తేదీలూ బోర్డు మీద రాసి, "దాడి సీను వచ్చినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి" అని ముందే చెప్పాలి. బోర్డు మీద అలాగే ఉంచండి. నేను తేదీలు ఎర్ర సుద్దతో రాస్తాను.

వేస్తున్నప్పుడు

మా క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పాఠాలు చూపించే పెద్ద టచ్ తెర) ఉంది. తెర పెద్దదే, కానీ సముద్రం వైపు కిటికీల వెలుతురుకి సగం బొమ్మ కనపడదు. ఇంటినుంచి మందపాటి దుప్పట్లు రెండు తెచ్చి కట్టేస్తాను. చీకటి అవసరం. పక్కవాడి ముఖం కనిపిస్తుంటే పిల్లాడు తనని తాను మర్చిపోలేడు. కథలు చదివేవాళ్ళ మీద చేసిన ఒక ప్రయోగంలో, ఎదురుగా అద్దం ఉన్న గదిలో కూర్చుని చదివినవాళ్ళు పాత్రలో అంతగా కలిసిపోలేకపోయారు. సినిమా నడుస్తుండగా పేరు పెట్టి పిలిచి "ఏరా, ఇది గమనించావా?" అని అడగడం వాడి ముందు అద్దం పెట్టడం లాంటిదే. నోరు మూసుకుని మీరూ చూడండి. వెనక కాదు, పక్కకి కూర్చోండి, పిల్లల ముఖాలు కనిపించేలా. ఎవరు ఎప్పుడు ముందుకి వంగుతున్నారో చూసి, టైము ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత మళ్ళీ వేయాల్సిన సీను అదే.

ఒక్కసారే ఆపండి. పాత్ర ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన క్షణంలో ఆపి, "ఇప్పుడు నువ్వే అక్కడ ఉంటే?" అని అడిగి, జవాబు చెప్పనివ్వకుండా రాసుకోమని, మళ్ళీ వేసేయండి. రెండు నిమిషాలు మించకూడదు.

అయిపోయాక

అసలు పని ఇక్కడే ఉంది. లైట్లు వేయగానే మాట్లాడకండి. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దని చెప్పి చిన్న స్లిప్పులు పంచండి. పేరు రాయక్కర్లేదు. రెండే ప్రశ్నలు: సినిమాలో ఎక్కువసేపు ఎవరి గురించి టెన్షన్ పడ్డావు? ఏ చోట? "ఎవరు నచ్చారు" అని అడగకండి, మీకు నచ్చే పేరు రాసేస్తారు. టెన్షన్ దగ్గర పిల్లలు అబద్ధం చెప్పరు.

స్లిప్పులు అక్కడే చదివి కుప్పలు వేయండి. ఏ పాత్రకి ఎన్ని వచ్చాయో చూశాక మీ క్లాసు ఎలా నడవాలో మీకే తెలుస్తుంది.

తండ్రి కుప్ప పెద్దదిగా ఉంటే ఏం చెయ్యాలి? మొదట్లో నేనైతే వాదించేదాన్ని. అది వృథా. వాడు కూర్చున్న చోటునుంచి లేపాలంటే, ఇంకో చోటు చూపించాలి. ఆ మూడో బెంచీ అబ్బాయి ఉత్తరం తర్వాత వారం నేను చేసింది ఇదే. గొడవ సీను ఒక్కటి మళ్ళీ వేశాను, ఆరు నిమిషాలు. ఈసారి సౌండ్ లేకుండా. "తండ్రినీ కూతురినీ వదిలేయండి. వెనకాల వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, ఆమెనే చూడండి" అన్నాను. ఆమెకి ఆ సీన్లో ఒక్క డైలాగు లేదు. చేతిలో గరిట. తండ్రి అరిచినప్పుడు గరిట కొంగులో దాచుకుంటుంది. నేను రెండుసార్లు చూసి కూడా అది గమనించలేదు, ముందు వరస అమ్మాయి గమనించింది.

"ఎందుకు దాచింది?" అన్నాను.

"సేతులు వణుకుతున్నాయి టీచర్, అందుకే దాసేసింది," అంది. కాసేపాగి, "మా యమ్మ కూడా అలాగే సేత్తాది" అంది.

ఆ రోజు అందరినీ అమ్మ రాసినట్టుగా ఉత్తరం రాయమన్నాను. మూడో బెంచీ అబ్బాయి చాలాసేపు ఏమీ రాయలేదు. బెల్లు కొట్టాక ఒకే వాక్యం రాసి ఇచ్చాడు: "నువ్వు వేటకెళ్ళినప్పుడు ఇల్లు నడిపేది నేనే, అప్పుడు నీకు భయం లేదా?"

వాడు తండ్రి పక్షం వదిలేశాడని నేననను. కానీ ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా నిలబడి ఉందని వాడికి తెలిసింది. వాడి మొదటి ఉత్తరంలోని భయం కూడా నిజమే, దాన్ని తోసిపారేస్తే వాడు మళ్ళీ మనకి ఉత్తరం రాయడు.

అందుకే ఆ భయానికి జవాబు కూడా సిద్ధం చేసుకోవాలి. సినిమా ఆవేశం ఇస్తుంది, దారి ఇవ్వదు. తర్వాతి వారం అదే పేటలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయిని క్లాసుకి పిలిచాను. ఏ బస్సు ఎక్కుతుంది, ఎన్నింటికి ఇంటికొస్తుంది, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేస్తుంది, బస్ పాస్ ఎక్కడ తీసుకుంది, ఇవే చెప్పించాను. గొప్ప మాటలేమీ వద్దని ముందే బతిమాలుకున్నాను. పిల్లలు సినిమా కన్నా శ్రద్ధగా విన్నారు.

కుదిరితే తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టండి. రువాండాలో ఎలిజబెత్ లెవీ పాలక్ అనే పరిశోధకురాలు ఒక రేడియో నాటకం మీద చేసిన పరిశోధన 2009లో వచ్చింది. అక్కడ ఊళ్ళో వాళ్ళు గుంపుగా కూర్చుని విన్నారు. వాళ్ళ సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు, కానీ తోటివాళ్ళ మధ్య ఏది సబబు అన్న అంచనా మారింది. మా పేటలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో నాన్నలు ఒడ్డునే ఉంటారు. బడికి సెలవులు ఇచ్చే ముందు, ఏప్రిల్ మూడో వారంలో ఒక షో వాళ్ళకోసం పెడతాను. మొదటి ఏడాది నలుగురొచ్చారు. పోయినేడాది దుప్పట్లు కట్టిన గదిలో చోటు చాల్లేదు.

ఇంకొక్క పని మిగిలి ఉంటుంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. మూడు వారాల తర్వాత, ఏ హెచ్చరికా లేకుండా, అవే స్లిప్పులు మళ్ళీ ఇవ్వండి. జర్మనీలో అపెల్, రిక్టర్ అనే ఇద్దరు 2007లో చూపించిందేమిటంటే, కథలోంచి వచ్చిన నమ్మకం చదివిన వెంటనే కన్నా రెండు వారాలకి ఇంకా గట్టిపడింది. ఇది కథలో విన్నాను కదా అన్న సంగతి మరుగున పడి, నమ్మకం ఒక్కటే మిగిలిపోతుందని వాళ్ళ వివరణ. కాబట్టి సినిమా రోజు స్లిప్పు మీద పూర్తిగా ఆధారపడొద్దు.

ఈసారి మూడు వారాల స్లిప్పుల్లో నాలుగింటి మీద నేనసలు లెక్కలోకే తీసుకోని మనిషి ఉంది: బస్సు ఎక్కేటప్పుడు సినిమాలోని అమ్మాయి పుస్తకాల సంచి అందుకుని పైకి పెట్టిన కండక్టరు. సినిమాలో ఆవిడ కనిపించేది రెండు నిమిషాలే. వచ్చే శనివారం ఆ రెండు నిమిషాలు మళ్ళీ వేస్తున్నాను. నోటు పుస్తకంలో ఆవిడ కోసం కొత్త వరస గీశాను.